ఏ జో బాబూ? బేస్‌బాల్‌లో ఒకే పేరున్నవాళ్ళని కలిపేసుకోకుండా గుర్తుపెట్టుకోవడం ఎలా

మా కంచరపాలెంలో ఏ టీకొట్టు దగ్గరైనా ఆగి "అప్పలరాజు గారిల్లు ఎక్కడండీ?" అని అడిగి చూడండి. దారి ఎవరూ చెప్పరు. టీ వడగడుతున్నాయన తలెత్తి "ఏ అప్పలరాజు బాబూ?" అంటాడు. ఇంటిపేరేటి, ఏం పని చేస్తాడు, ఏ ఊరి నుంచి వచ్చిన వాళ్ళు, మనిషెలాగుంటాడు, ఈ నాలుగూ తేలాకే చెయ్యి ఏదో ఒక సందు వైపు లేస్తుంది. సింహాద్రి అప్పన్న కొండ కింద బతుకుతున్నాం కాబట్టి అప్పలరాజు, అప్పలనాయుడు, అప్పలనరసమ్మ, సింహాచలం అనే పేర్లు వీధికి నాలుగైదు ఉండాల్సిందే. అవి కాకపోతే అనకాపల్లి నూకాలమ్మ పేరున నూకరాజు, విజయనగరం పైడితల్లి పేరున పైడిరాజు. ఇంతమందిని మనం ఒక్కనాడూ తికమకపడకుండా గుర్తుపెట్టుకుంటున్నాం కదా, అదే పద్ధతి బేస్‌బాల్‌కి వాడితే సరిపోతుంది. నాకు ఈ సంగతి వెలగడానికి మాత్రం ఒకసారి పరువు పోవాల్సి వచ్చింది.

రుషికొండ మీద నైట్ షిఫ్ట్ నాది, అమెరికా క్లయింట్. కాల్‌లో పని మాటలు మొదలయ్యే ముందు వాళ్ళు రెండు నిమిషాలు బేస్‌బాల్ మాట్లాడుకుంటారు, మనం నిన్నటి ఐపీఎల్ గురించి మాట్లాడుకున్నట్టే. ఓ రాత్రి బోస్టన్ వైపు పెద్దాయన ఒకాయన జో మోర్గాన్ రోజులు ఎంత బాగుండేవో చెప్పడం మొదలుపెట్టాడు. తెలిసిన పేరు దొరికింది కదా అని నేను గబుక్కున దూరిపోయి, "అవును సర్, బ్యాటింగ్‌కి నిలబడి ఎడమ మోచెయ్యి కోడిరెక్కలా కొట్టుకునేవాడు కదా, యూట్యూబ్‌లో చూశాను" అన్నాను. అటువైపు చప్పుడు లేదు. కాల్ కట్టయిందేమో అని స్క్రీన్ కూడా చూసుకున్నాను. తర్వాత ఆయన నవ్వి, నేను చెప్పేది మా మేనేజర్ మోర్గాన్ గురించి, నువ్వు చెప్పేది సిన్సినాటీ మోర్గాన్ గురించి అన్నాడు. పేరొకటే, ఇంటిపేరొకటే, మనుషులు వేరు. ఆ ఇద్దరి సంగతి కిందకొచ్చాక చెప్తాను, వాళ్ళే అన్నిటికన్నా కష్టమైన కేసు.

ఆ తర్వాత కూర్చుని లెక్కేస్తే జోలు కుప్పలుగా తేలారు. జో డిమాజియో, జో టోర్రీ, జో మెకార్తీ, జో జిరార్డీ, జో మాడన్, జో కార్టర్, జో జాక్సన్, జో మావర్, జో క్రోనిన్, జో గోర్డన్, ఇంకా బోలెడంతమంది. కొందరు ఆటగాళ్ళు, కొందరు మేనేజర్లు, కొందరు రెండూ. మీరు కూడా ఈ ఆట కొత్తగా చూడటం మొదలుపెట్టి ఇక్కడే ఇరుక్కుని ఉంటే టీకొట్టాయన అడిగే వరసలోనే వెళ్దాం.

మొదటి ప్రశ్న: ఇంటిపేరేటి?

జో అనే మాటని కాసేపు పక్కన పెట్టేయండి. అది వాళ్ళకి మన అప్పల లాంటిది, దాంతో ఏమీ తేలదు. మన పద్ధతిలో ఇంటిపేరు ముందు పెట్టి చదవండి: డిమాజియో జో, టోర్రీ జో, మెకార్తీ జో. వినడానికి నవ్వొస్తుంది కానీ బుర్రలో మాత్రం వేరు వేరు అరల్లో పడతాయి.

ఇది నా సొంత తెలివేమీ కాదు. బేస్‌బాల్ లెక్కలన్నీ దాచిపెట్టే బేస్‌బాల్ రిఫరెన్స్ అనే సైటు ఉంది, అందులో ఒక్కో ఆటగాడి పేజీ అడ్రసు ఎలా ఉంటుందో గమనించండి. ఇంటిపేరులో మొదటి ఐదు అక్షరాలు, తర్వాత పేరులో మొదటి రెండు, చివర ఒక నంబరు. అంటే జో మోర్గాన్ అయితే ఎం, ఓ, ఆర్, జి, ఏ, ఆ పక్కన జె, ఓ, ఆపైన 01 గానీ 02 గానీ. ఆటగాడిగా ముందు దిగిన బోస్టన్ మేనేజర్ మోర్గాన్ 01. గొప్పవాళ్ళ పేర్లు చేర్చే హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్నవాడూ, లోకమంతా ఎరిగినవాడూ అయిన సిన్సినాటీ మోర్గాన్ 02. ఎంత పేరున్నా ఇక్కడ మొదటి నంబరు దక్కలేదు, రేషన్ క్యూలో లాగ. అక్కడే ఇంకో చిట్కా ఉంది: చివర 99 ఉంటే ఆ మనిషి పెద్ద లీగ్‌లో (మేజర్ లీగ్) ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదని, మేనేజర్‌గానో ఇంకోలాగో వచ్చాడని అర్థం. మెకార్తీకీ, మాడన్‌కీ 99 ఉంటుంది. ఇది తెలిస్తే పేజీ తెరవక ముందే సగం సంగతి తెలిసిపోతుంది.

గూగుల్‌లో వెతికేటప్పుడు మాత్రం జాగ్రత్త. ఉత్త జో జాక్సన్ అని కొడితే మైకేల్ జాక్సన్ వాళ్ళ నాన్న వస్తాడు. జో మెకార్తీ అని కొడితే 1950లలో కమ్యూనిస్టులంటూ అందరి మీదా పడ్డ అమెరికా సెనేటర్ వస్తాడు. పక్కన ఊరి పేరో, జట్టు పేరో తగిలించాల్సిందే.

రెండో ప్రశ్న: ఏం పని చేస్తాడు?

ఇక్కడ క్రికెట్ మనిషికి ఒక సందేహం వస్తుంది, మేనేజర్ అంటే ఎవరు అని. మన దగ్గర మేనేజర్ అంటే టికెట్లు, హోటల్ గదులు చూసుకునే ఆయన. బేస్‌బాల్‌లో అలా కాదు. బౌలర్‌ని ఎప్పుడు మార్చాలి, ఎవరి బదులు ఎవరిని దింపాలి, ఫీల్డింగ్ ఎలా పెట్టాలి అని మన కెప్టెన్ మైదానంలో నిలబడి తేల్చేవన్నీ అక్కడ మేనేజర్ డగౌట్‌లో కూర్చుని తేలుస్తాడు, అదీ ఆటగాళ్ళలాగే యూనిఫాం వేసుకుని. అరవై ఏళ్ళ పెద్దమనిషి బొజ్జ మీద బటన్లు బిగించుకుని జెర్సీలో నడిచొస్తుంటే మొదట్లో నాకు వింతగా ఉండేది, ఇప్పుడు అలవాటైపోయింది.

కాబట్టి జోలని మూడు గుంపులు చేయండి. ఆటగాళ్ళుగానే మిగిలిపోయినవాళ్ళు: డిమాజియో, జాక్సన్, కార్టర్, మావర్. ఆడకుండానే మేనేజర్లయినవాళ్ళు: మెకార్తీ, మాడన్. రెండూ చేసినవాళ్ళు: టోర్రీ, జిరార్డీ, క్రోనిన్, గోర్డన్.

ఈ మూడో గుంపులో టోర్రీ, జిరార్డీ ఇద్దరూ క్యాచర్లు, అంటే మన వికెట్‌కీపర్‌కి దగ్గరి పని. వికెట్ల వెనకాల కూర్చున్నవాడికి ఆట మొత్తం ఎదురుగా కనిపిస్తుంది, బౌలర్ చెయ్యీ బ్యాట్స్‌మన్ కాళ్ళూ ఫీల్డర్లూ అంతా. విశాఖ వాళ్ళకి ఇది వేరే చెప్పాలా, 2005 ఏప్రిల్ 5న మన పీఎం పాలెం స్టేడియంలో పాకిస్తాన్ మీద 148 కొట్టిన జులపాల జుట్టు కీపర్ తర్వాత ఏమయ్యాడో అందరికీ తెలుసు. బేస్‌బాల్‌లోనూ క్యాచర్లు మేనేజర్లవడం చాలా మామూలు.

క్రోనిన్‌ది ఇంకో రకం, ఆడుతూనే మేనేజర్. 1933లో వాషింగ్టన్‌కి మేనేజరయ్యేటప్పటికి వయసు 26, అదే ఏడాది జట్టుని వరల్డ్ సిరీస్ (రెండు లీగుల విజేతలు తలపడే ఫైనల్) దాకా తీసుకెళ్ళాడు. 1934లో జట్టు యజమాని దగ్గరి బంధువుల అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు, అదే ఏడాది ఆ యజమాని ఇతన్ని బోస్టన్‌కి 2,25,000 డాలర్లకి అమ్మేశాడు. అల్లుడి మర్యాద అంటే ఇదీ. ఈ ముక్క వింటే క్రోనిన్‌ని ఇంక మీరు మర్చిపోరు.

గోర్డన్ కథ కూడా అలాంటిదే. న్యూయార్క్ యాంకీస్‌కి రెండో బేస్ దగ్గర (పరుగు కోసం బ్యాటర్ వరసగా తొక్కాల్సిన గుర్తుల్లో రెండోది) ఆడేవాడు, 1942లో తన లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడి అవార్డు వచ్చింది. తర్వాత క్లీవ్‌లాండ్‌కి మేనేజర్. 1960 ఆగస్టులో క్లీవ్‌లాండ్, డెట్రాయిట్ జట్లు ఆటగాళ్ళని మార్చుకున్నట్టు మేనేజర్లనే మార్చుకున్నాయి. ఇతను అటెళ్ళాడు, అక్కడి జిమ్మీ డైక్స్ ఇటొచ్చాడు. సీజన్ మధ్యలో, జిల్లా కలెక్టర్ల బదిలీల్లాగ.

మూడో ప్రశ్న: ఏ ఊరోడు, ఏ కాలం?

అసలు తికమక అంతా న్యూయార్క్ యాంకీస్ దగ్గరే. జోలు ఎక్కువ అక్కడే, పైగా ఆ జట్టు జెర్సీల వెనక పేర్లే ఉండవు. మామూలు మ్యాచ్‌ల జెర్సీకి ఎప్పుడూ లేవు, ఇప్పుడూ లేవు, నంబరు ఒక్కటే. ఎవరో చెప్పకపోతే పాత ఫోటో చూసి పోల్చుకోలేం. అందుకని యాంకీస్ జోలని రెండు గుత్తులుగా కట్టుకోండి.

పాత గుత్తికి పెద్ద మెకార్తీ. 1931 నుంచి 1946 దాకా మేనేజర్, ఏడు వరల్డ్ సిరీస్‌లు గెలిచాడు. అంతకుముందు 1929లో షికాగో కబ్స్‌ని నేషనల్ లీగ్‌లో గెలిపించాడు, తర్వాత యాంకీస్‌ని అమెరికన్ లీగ్‌లో. రెండు లీగుల్లోనూ గెలిచిన మొదటి మేనేజర్ ఆయనే. పెద్ద లీగ్‌లో ఒక్క బంతి ఆడకుండా! ఆయన కింద డిమాజియో, గోర్డన్ ఆడారు. 1941 జట్టు చూస్తే మేనేజర్ జో, సెంటర్ ఫీల్డ్‌లో జో, రెండో బేస్‌లో జో. డగౌట్‌లో "జో" అని పిలిస్తే ఎవరు పలికేవారో దేవుడికే తెలియాలి.

ఆ 1941లోనే డిమాజియో వరసగా 56 మ్యాచ్‌ల్లో కనీసం ఒక్క హిట్ (బంతి కొట్టి బేస్ చేరడం) కొట్టాడు, మే 15 నుంచి జులై 16 దాకా. ఈ రికార్డు ఎందుకంత గొప్పదో క్రికెట్ మనిషికి వెంటనే ఎక్కదు. ఒక మ్యాచ్‌లో బ్యాటర్‌కి నాలుగైదు అవకాశాలే వస్తాయి, గొప్పవాళ్ళు కూడా పదింట్లో ఏడుసార్లు ఉత్త చేతులతోనే వెనక్కొస్తారు. అలాంటిది రెండు నెలలపాటు ఒక్క రోజూ ఖాళీ పోలేదు. జులై 17న క్లీవ్‌లాండ్‌లో మూడో బేస్ దగ్గర కెన్ కెల్ట్‌నర్ రెండు గట్టి బంతుల్ని ఆపేయడంతో ఆగింది. ఎనభై ఏళ్ళు దాటింది, దాని దగ్గరికి ఎవరూ రాలేదు. అన్నట్టు ఈయన అసలు పేరు జో కూడా కాదు, జుసెప్పే, ఇటలీ నుంచి వచ్చిన చేపలు పట్టే కుటుంబం. నంబరు 5. 1954లో మార్లిన్ మన్రోని పెళ్ళి చేసుకున్నాడు కాబట్టి ఆట తెలియని వాళ్ళకీ ఈ ఒక్క జో తెలుసు.

కొత్త గుత్తికి పెద్ద టోర్రీ. 18 సీజన్లు ఆడాడు, 1971లో సెయింట్ లూయిస్ తరఫున అత్యుత్తమ ఆటగాడు కూడా అయ్యాడు, కానీ ఆటగాడిగా వరల్డ్ సిరీస్ మొహం చూడలేదు. తర్వాత మూడు జట్లకి మేనేజర్‌గా చేశాడు, అక్కడా దక్కలేదు. 1995 చివర్లో యాంకీస్ ఈయన్ని తెచ్చినప్పుడు న్యూయార్క్ పత్రిక ఒకటి "క్లూలెస్ జో" అని పెద్దక్షరాల్లో వేసింది, పాత షూలెస్ జో పేరుకి ప్రాస కలిపి. మరుసటి ఏడాదే గెలిచాడు. తర్వాత 1998, 1999, 2000. నాలుగు.

ఆ 1996 ఫైనల్ ఆరో మ్యాచ్‌లో గ్రెగ్ మాడక్స్ అంతటి పిచ్చర్ (మన బౌలర్ లాంటివాడు) బంతిని మూడు బేస్‌ల దెబ్బగా మలిచి మొదటి పరుగు తెచ్చింది ఎవరనుకున్నారు? క్యాచర్ జిరార్డీ. అంటే మేనేజర్ టోర్రీ, ఆటగాడు జిరార్డీ. 2007 తర్వాత టోర్రీ వెళ్ళిపోతే ఆ కుర్చీలో కూర్చున్నదీ జిరార్డీయే. యాంకీస్‌కి అప్పటికి 26 టైటిళ్ళు, 27వది తెస్తానని జెర్సీ మీద 27 వేసుకున్నాడు, 2009లో తెచ్చాడు, వెంటనే 28కి మారాడు. ఆ 28 మాత్రం రాలేదు, ఇప్పటికీ యాంకీస్ 27 దగ్గరే ఉన్నారు.

కాబట్టి గుర్తు ఇలా: మెకార్తీ కింద డిమాజియో, టోర్రీ కింద జిరార్డీ. మధ్యలో యాభై ఏళ్ళ ఎడం.

షికాగో జోలకి నా గుర్తు వేరే ఉంది. కబ్స్ 1908లో గెలిచాక మళ్ళీ గెలవడానికి 108 ఏళ్ళు పట్టింది. 1908లో షార్ట్‌స్టాప్ (రెండు, మూడు బేస్‌ల మధ్య ఫీల్డర్) జో టింకర్, 2016లో మేనేజర్ జో మాడన్. ఇటు చివరా అటు చివరా ఒక్కో జో.

ఆ 2016 వరల్డ్ సిరీస్ ఏడో మ్యాచ్ నేను చూశాను. అమెరికాలో నవంబర్ 2 రాత్రి 8 గంటలంటే మనకి 3వ తేదీ తెల్లవారి 5:30. షిఫ్ట్ నుంచి వచ్చి పడుకోకుండా ఫోన్ పట్టుకుని అరుగు మీద కూర్చున్నాను. అప్పటికి నాకు ఆట సగమే అర్థమయ్యేది. మాడన్ నల్ల ఫ్రేము లావు కళ్ళజోడు పెట్టుకుని డగౌట్ కమ్మీకి ఆనుకుని ఉన్నాడు. కబ్స్ ముందున్నారు, ఎనిమిదో ఇన్నింగ్స్‌లో ఇంకా నాలుగు అవుట్లు చాలు. పిచ్చర్ అరోల్డిస్ చాప్‌మన్‌ని దింపాడు, ముందు రోజు రాత్రి మ్యాచ్ చేతిలో ఉన్నప్పుడు కూడా ఇతన్నే వేయించి అలవగొట్టాడు. ఎదుటి జట్టు క్లీవ్‌లాండ్ బ్యాటర్ రజాయ్ డేవిస్ కొట్టిన బంతి ఎడమ వైపు గోడ దాటి పోయింది, 6-6. నేను "అయిపోయింది" అని గట్టిగా అన్నట్టున్నాను, లోపల్నుంచి నాన్న "ఏటయిపోయింది, గ్యాసా?" అని బయటికొచ్చారు. సర్దిచెప్పి ఆయన్ని పాలపాకెట్లకి పంపించాను. తొమ్మిదో ఇన్నింగ్స్ అయ్యాక వాన. వైజాగ్ వాడికి వాన వల్ల మ్యాచ్ ఆగితే కొత్తేముంది, ఇంక రేపే అనుకుని లేవబోయాను. పదిహేడు నిమిషాల్లో మళ్ళీ మొదలుపెట్టేశారు! పదో ఇన్నింగ్స్‌లో కబ్స్ 8-7తో గెలిచేటప్పటికి మనకి పొద్దున్న పది దాటింది. గెలిచాడు కాబట్టి సరిపోయింది గానీ, చాప్‌మన్‌ని అలా వాడినందుకు మాడన్‌ని ఇప్పటికీ తిట్టేవాళ్ళున్నారు, వాళ్ళది తప్పని నేననను.

నాలుగో ప్రశ్న: మనిషెలాగుంటాడు?

మా వీధిలో పొట్టోడు, మెల్లకన్నోడు, బుల్లెట్ బండోడు అని పేర్లు పడ్డట్టే బేస్‌బాల్ వాళ్ళూ పేర్లు తగిలించడంలో ఘనులు. ఒక్కో జోకి ఒక్క బొమ్మ, అంతే. రెండు పెట్టుకోకండి, కలిసిపోతాయి.

జాక్సన్ అంటే బూట్లు లేని కాళ్ళు. కుర్రాడిగా చిన్న లీగ్‌లో ఆడేటప్పుడు కొత్త బూట్లు కరిచి బొబ్బలెక్కితే మేజోళ్ళతోనే ఆడేశాడట, అక్కణ్ణుంచి షూలెస్ జో. చదువు రాదు, బట్టల మిల్లులో పెరిగిన పిల్లాడు. జీవితమంతా కలిపి సగటు .356, అంటే వెయ్యి ప్రయత్నాలకి 356 హిట్లు, ఇప్పటికీ అన్నిటికన్నా పైనున్న కొద్ది పేర్లలో ఒకటి. 1919లో షికాగో వైట్ సాక్స్ ఆటగాళ్ళు డబ్బు తీసుకుని వరల్డ్ సిరీస్ ఓడిపోయారన్న కేసులో ఎనిమిది మందిని 1921లో జీవితాంతం బహిష్కరించారు, కోర్టు వదిలేసినా సరే. అందులో ఇతనొకడు. అదే సిరీస్‌లో ఇతను .375 కొట్టాడు, ఓడిపోవాలనుకున్నవాడు అలా ఎందుకు కొడతాడని వాదన ఇప్పటికీ నడుస్తోంది. 1951లో చనిపోయాడు, 2025 మేలో ఆ నిషేధం జాబితా నుంచి పేరు తీశారు. ఎవరికి ఉపయోగమో మరి.

కార్టర్ అంటే ఎగురుకుంటూ పరిగెత్తే మనిషి. 1993 అక్టోబర్ 23, టొరంటో, ఆరో మ్యాచ్ తొమ్మిదో ఇన్నింగ్స్, ఫిలడెల్ఫియా 6-5తో ముందుంది. మిచ్ విలియమ్స్ వేసిన బంతి ఎడమ గోడ దాటింది, ముగ్గురూ పరుగు పూర్తిచేసి ఇంటికొచ్చారు, సిరీసే అయిపోయింది. కార్టర్ మొదటి బేస్ దాటకముందే చేతులెత్తి గెంతులు. చివరి బంతికి సిక్స్ కొట్టి కప్పు ఎత్తినట్టు. వరల్డ్ సిరీస్ ఇలా హోమ్ రన్‌తో ముగియడం అంతకుముందు 1960లో ఒక్కసారే.

నీక్రో జో అంటే గోళ్ళు రుద్దుకునే అట్టముక్క. ఇది నాకు అన్నిటికన్నా ఇష్టమైన సీను. 1987 ఆగస్టు 3, ఇతను మిన్నెసోటాకి పిచ్చింగ్. బంతి ఏదో అనుమానంగా ఊగుతోందని అంపైర్లు చుట్టూ చేరి జేబులు చూపించమన్నారు. ఇతను వెనక జేబులు రెండూ బయటికి లాగి చేతులు విదిలించాడు, ఆ విదిలింపులో జేబులోని గరుకు అట్ట గాల్లోకి ఎగిరి కిందపడింది, అంపైర్ వంగి తీసుకున్నాడు. నేను వేసే నకిల్‌బాల్‌కి (తిరగకుండా ఊగుతూ వెళ్ళే బంతి) గోళ్ళు సరిగ్గా ఉండాలి, అందుకే పెట్టుకున్నానని చెప్పుకున్నాడు. పది మ్యాచ్‌ల సస్పెన్షన్. ఇతని అన్న ఫిల్ నీక్రో కూడా పేరున్న పిచ్చరే. జో తన కెరీర్ మొత్తంలో కొట్టిన ఒకే ఒక్క హోమ్ రన్ ఆ అన్న బౌలింగ్‌లోనే, 1976లో. పండక్కి ఇంటికెళ్ళినప్పుడల్లా ఎత్తి ఉంటాడు.

మిగిలినవాళ్ళు తలా ఒక్క ముక్క చాలు. నక్స్‌హాల్: 15 ఏళ్ళకే, మన పదో తరగతి వయసులో, 1944లో సిన్సినాటీకి బంతి వేశాడు. యుద్ధానికి పెద్దవాళ్ళంతా వెళ్ళిపోయిన రోజులవి. సీవెల్: 14 సీజన్లలో మొత్తం 114 సార్లే స్ట్రైకవుట్ (బంతి కొట్టలేక అవుటవడం). ఇప్పటి బ్యాటర్లు కొందరు ఒక్క సీజన్‌లోనే ఆ లెక్క దాటేస్తారు. మావర్: క్యాచర్ అయ్యుండి మూడుసార్లు లీగ్‌లో అందరికన్నా ఎక్కువ సగటు, 2006, 2008, 2009. మస్‌గ్రోవ్: శాన్ డియాగో దగ్గర పుట్టి పెరిగి, 2021లో ఆ ఊరి జట్టుకే మొట్టమొదటి నో-హిట్టర్ (ఎదుటి జట్టుకి ఒక్క హిట్ కూడా ఇవ్వని మ్యాచ్) వేశాడు.

ఇంటిపేరు కూడా ఒకటే అయితే?

ఇప్పుడు ఆ మోర్గాన్లు. నాలుగు ప్రశ్నలూ వరసగా అడగండి. ఇంటిపేరు తేల్చదు. ఏం పని? ఒకడు రెండో బేస్ ఆటగాడు, ఇంకొకడు పేరు తెచ్చుకున్నది మేనేజర్‌గా. ఏ ఊరు, ఏ కాలం? ఒకరిది సిన్సినాటీ, 1975, 1976లో వరసగా రెండేళ్ళు అత్యుత్తమ ఆటగాడు, రెండేళ్ళూ జట్టు వరల్డ్ సిరీస్ గెలిచింది. తర్వాత ఏళ్ళ తరబడి టీవీలో కామెంటరీ కూడా చెప్పాడు. ఇంకొకరిది బోస్టన్, 1988 జులై మధ్యలో మేనేజర్‌ని తీసేస్తే ఆ కుర్చీలో కూర్చుని, మొదటి 12 మ్యాచ్‌లు వరసగా గెలిచి, 20లో 19 గెలిచాడు. మోర్గాన్ మ్యాజిక్ అన్నారు. ఎలాగుంటాడు? సిన్సినాటీ మోర్గాన్ అయిదడుగుల ఏడంగుళాలు, కోడిరెక్క మోచెయ్యి. బోస్టన్ మోర్గాన్ అంతకుముందు చిన్న లీగుల్లో మేనేజర్‌గా ఉన్న రోజుల్లో, ఆట లేని చలికాలంలో మసాచుసెట్స్ రోడ్ల మీద మంచు తోసే బండి నడిపిన మనిషి. ఒక మోచెయ్యి, ఒక మంచుబండి. నేను ఆ రాత్రి కాల్‌లో "ఏ మోర్గాన్ సర్?" అని ఒక్క ముక్క అడిగి ఉంటే సరిపోయేది, టీకొట్టాయనకి ఉన్నపాటి బుద్ధి నాకు లేకపోయింది.

మెకార్తీలూ ఇంతే, 2020లో శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్‌కి ఇంకో జో మెకార్తీ ఆడాడు. కెల్లీలతో అయితే మనకే ఎక్కువ ఇబ్బంది. 1890లలో బాల్టిమోర్‌కి ఆడిన జో కెల్లీకీ, 2018లో బోస్టన్‌తో, 2020లో లాస్ ఏంజెలెస్‌తో కప్పు ఎత్తిన పిచ్చర్ జో కెల్లీకీ ఇంగ్లీషు స్పెల్లింగులో ఒక్క అక్షరం తేడా ఉంటుంది, తెలుగులో రాస్తే ఆ తేడా కూడా పోతుంది. వాళ్ళకి సంవత్సరం తప్ప దారి లేదు.

మనవాళ్ళకీ ఈ బాధ ఉందండోయ్. ఉత్తరప్రదేశ్ నుంచి ఈటె విసిరే కుర్రాడు రింకూ సింగ్‌ని 2008లో పిట్స్‌బర్గ్ పైరేట్స్ పిచ్చర్‌గా తీసుకున్నారు, తర్వాత అతను రెజ్లింగ్‌కి వెళ్ళిపోయాడు. 2023 ఐపీఎల్‌లో చివరి ఓవర్లో వరసగా ఐదు సిక్సులు కొట్టిన రింకూ సింగ్ వేరే. ఇద్దరిదీ ఒకే రాష్ట్రం, ఇద్దరూ ఎడమచేతి వాటమే. బేస్‌బాల్‌లో ఇండియన్ ఎవరైనా ఉన్నారా అని అడిగితే మా ఆఫీసులో సగం మంది క్రికెట్ రింకూ ఫోటో తీసి చూపించారు.

సాధన ఎలా చేయాలి?

యాప్‌లూ గీప్‌లూ అక్కర్లేదు. గోడకి వేలాడే తెలుగు క్యాలెండర్లో అయిపోయిన నెల కాగితం చింపి, వెనక తెల్లగా ఉంటుంది కదా, దానిమీద నాలుగు గళ్ళు గీయండి: ఇంటిపేరు, పని, ఊరు-కాలం, బొమ్మ. వారానికి ముగ్గురు జోలు చాలు. ఒకేసారి పదిమందిని ఎక్కించుకోవాలని చూస్తే మూడో రోజుకి టోర్రీ కళ్ళజోడు పెట్టుకుంటాడు, మాడన్ అట్టముక్క విసురుతాడు, అనుభవం మీద చెప్తున్నా. కాగితం మడిచి అవతలి మనిషికిచ్చి ఒక్క గడి మాత్రమే చదవమనండి, మిగతా మూడూ మీరు చెప్పాలి. మా ఇంట్లో ఆ అవతలి మనిషి అమ్మ. ఆవిడకి బేస్‌బాల్ అంటే ఏంటో తెలియదు కానీ "అట్టముక్క" అని చదవగానే నాకన్నా ముందే "నీక్రో" అంటోంది ఇప్పుడు.

జో పూర్తయ్యాక బాబ్‌ల మీదకి వెళ్ళొచ్చు, బాబ్ గిబ్సన్, బాబ్ ఫెల్లర్, బాబ్ లెమన్, అక్కడా ఇదే వరస. బేబ్ రూత్ అసలు పేరు జార్జ్, యోగీ బెర్రా అసలు పేరు లారెన్స్, కాబట్టి జార్జ్‌ల కాగితం, లారెన్స్‌ల కాగితం ఇప్పుడే మొదలుపెట్టకండి.

చివరగా మా అమ్మ నన్ను ఇరికించిన ప్రశ్న ఒకటి, మీరూ ప్రయత్నించండి. కాగితంలో మూడు ముక్కలు కలిపి చదివింది: "క్యాచర్‌గా ఆడాడు, యాంకీస్ మేనేజర్, కప్పు గెలిచాడు. ఎవరు?" నేను టోర్రీ అన్నాను. "ఇంకొకాయనకీ అదే రాసున్నావు కదరా" అంది. అవును, జిరార్డీ. అప్పుడు మీరు చెప్పాల్సిన జవాబు పేరు కాదు, "ఏ సంవత్సరం అమ్మా?"